చిత్తము, మంత్రివర్యా! - ఆంగ్లపదార్థగ్రహణమునకు ఒక రాజకీయ ప్రహసనము

పదమునకు అర్థము తెలియుట యెట్లు అను ప్రశ్నకు మన శాస్త్రకారులు ఏనాడో సమాధానము చెప్పియున్నారు. వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివృతి, సిద్ధపదసాన్నిధ్యము అని శక్తిగ్రహమునకు ఎనిమిది సాధనములు. వీనిలో వ్యవహారమే ముఖ్యమని పెద్దల మతము. ఒక వృద్ధుడు మరియొకనితో ఆవును తెమ్మనును. అతడు పోయి తెచ్చును. ఆవును కట్టి గుఱ్ఱమును తెమ్మనును, అతడట్లే చేయును. ప్రక్కన నిలిచిన బాలుడు ఏ మాటకు ఏ పని జరిగెనో చూచి, తీసివేతల చేతను కూడికల చేతను అర్థమును నిశ్చయించుకొనును. వానికి సూత్రము తెలియదు, నిఘంటువు లేదు. కన్నుల యెదుట నడచిన పని యొక్కటే వానికి గురువు.

నేడు తెలుగునాట ఇంగ్లీషు నేర్పు విధమును పరిశీలించినచో, ఈ యెనిమిదింటిలో రెండు మాత్రమే బడులలో నిలిచినట్లు కనబడును. అవి వ్యాకరణము, కోశము. విద్యార్థి వేలకొలది పదములను కంఠస్థము చేయును. క్రియారూపములను తప్పులేకుండ అప్పగించును. అయినను ఒక కచేరినుండి వచ్చిన నాలుగు పంక్తుల జాబును చేత బట్టుకొని, అందులోని ప్రతిపదమునకు అర్థము చెప్పగలిగియు, జాబు సారమేమో చెప్పలేక నిలిచిపోవును. పని జరుగునా, జరుగదా? ఇది చెప్పలేనివానికి ఆ జాబు అర్థమైనదనుట యెట్లు? లోపము వాని బుద్ధిది కాదు. వ్యవహారమను సాధనమును వానికి ఎవరును అందింపకపోవుటయే లోపము. ఈ కొఱతను తీర్చుటకు ఒక రాజకీయ ప్రహసనము ఎంతవరకు పనికివచ్చునో విచారించుట యిచట ప్రస్తుతము.

నల్లగొండ, మహబూబునగరము జిల్లాలకు ఈ విచారము మిక్కిలి అవసరమైనది. 2016వ సంవత్సరమున ఈ రెండును పెక్కు చిన్న జిల్లాలుగా విభజింపబడినవి. ఇచట పాత జిల్లాల పరిధియే వివక్షితము. ఈ ప్రాంతమున పరిపాలన చిరకాలము ప్రజల భాషలో సాగలేదు. నిజాము ప్రభుత్వమున తొలుత పారసీకమును, 19వ శతాబ్ది చివరి పాదము నుండి ఉర్దూయు రాజభాషలుగా నుండెను. దేవరకొండ రైతుగాని, నాగరుకర్నూలు రైతుగాని దరఖాస్తు, మంజూరు, జప్తు, వసూలు, పహాణీ, పట్టా, ఫైసలా అను మాటలను ఏ మౌల్వీ యొద్దను చదువలేదు. జప్తు అను మాట వినబడిన నాడు దొడ్డిలోని యెడ్లు తరలిపోయెను. పట్టా అను మాట వినబడిన నాడు పొలము తనదాయెను. ఆవును తెచ్చుట చూచిన బాలునివలెనే రైతు కూడ మాటను పనివలన నేర్చుకొన్నాడు. అట్లు నేర్చినందుననే ఆ పదములు నేటికిని తెలుగు పదములవలె ఇంటింట నిలిచియున్నవి.

ఇప్పుడు వాని సరసన పెండింగు, శాంక్షను, ఎంక్వయిరీ, రిమార్కు అను మాటలు చేరినవి. 2022-23 విద్యాసంవత్సరము నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. కాబట్టి రేపటి యర్జీదారుడు ఇంగ్లీషు చదివినవాడే యగును. అయితే వాడు చదివిన యింగ్లీషు ఒకటి, కచేరి పలుకు ఇంగ్లీషు మరియొకటి. ఈ రెంటికిని నడుమ నున్న దూరమును కొలిచి చూపిన రచనలలో బి.బి.సి. వారు ప్రసారము చేసిన 'యెస్ మినిస్టరు' అను ప్రహసనము అగ్రగణ్యమైనది.

ఆంటొనీ జే, జొనాథన్ లిన్ అను నిరువురు దీనిని కలసి రచించిరి. తొలి భాగము 1980 ఫిబ్రవరి 25వ తేదీని ప్రసారమైనది. 1984 వరకు ఈ పేరుతోను, 1986 మొదలు 1988 వరకు 'యెస్, ప్రైం మినిస్టరు' అను పేరుతోను మొత్తము 38 భాగములు వెలువడినవి. ఇందు ముఖ్యపాత్రలు మూడు. జిం హాకరు మంత్రి. వోట్లకును వార్తాపత్రికలకును వెఱచువాడు. సర్ హంఫ్రీ ఆపిల్బీ ఆ శాఖకు స్థిరకార్యదర్శి. మంత్రులు మారుచుందురు గాని తాను మారడు. బెర్నార్డు వూలీ మంత్రికి ఆంతరంగిక కార్యదర్శి. ఇరువురి నడుమ నలుగువాడు, పైగా మాటల తప్పులు పట్టు వ్యసనము కలవాడు. పాల్ ఎడింగ్టన్, నైజెల్ హాథార్న్, డెరెక్ ఫౌల్డ్స్ అను నటులు క్రమముగా ఈ పాత్రలను ధరించిరి. 2001లో ఇది 'జీ మంత్రీజీ' అను పేర హిందీ రూపమును పొందెను. అందు మంత్రి పాత్రను ఫారూక్ షేక్ ధరించెను. మంత్రి యొక సంస్కారమును తలపెట్టుట, కార్యదర్శి దానిని వినయముతో అడ్డగించుట, ఇదియే దాదాపు ప్రతి భాగమునందును గల కథ. విశాఖదత్తుని ముద్రారాక్షసమున రాజాయత్తము, సచివాయత్తము, ఉభయాయత్తము అని సిద్ధి మూడు విధములుగా చెప్పబడినది. చాణక్యుని కాలమున సచివాయత్తసిద్ధి రాజ్యమును నిలుపుటకు వినియోగపడెను. హంఫ్రీ చేతిలో నది కచేరిని నిలుపుటకు మాత్రము వినియోగపడుచున్నది. ప్రహసనమునకు బీజ మిదియే.

మొదట పేరునే విచారింతము. 'యెస్' అనగా అవును. 'మినిస్టరు' అను పదము లాటిను భాషలో సేవకుడను నర్థము గలది. మంత్రి పేరునకు సేవకుడు, కార్యదర్శి 'సివిల్ సర్వెంటు' కాన అతడును పేరునకు సేవకుడే. ఇరువురు సేవకులలో ఎవ్వడు ప్రభువు? హంఫ్రీ నోట 'యెస్ మినిస్టరు' అను మాట వెలువడినప్పుడెల్ల ప్రేక్షకునకు నవ్వు వచ్చుటకు కారణము, ఆ యవునునకు కాదు అను నర్థము వ్యంగ్యమగుటయే. 'సెక్రెటరీ' పదము కూడ ఇట్టిదే. 'సెక్రెటరీ ఆఫ్ స్టేట్' మంత్రి. 'పర్మనెంట్ సెక్రెటరీ' ఉద్యోగి. 'ప్రైవేట్ సెక్రెటరీ' అతనికి లోబడిన ఉద్యోగి. కోశము చూచి సెక్రెటరీ యనగా కార్యదర్శి యని నేర్చిన విద్యార్థి ముగ్గురిని ఒక గాట కట్టును. ముగ్గురును ఒక గదిలో కూర్చున్న తీరును, ఎవ్వరు లేవగా ఎవ్వరు నిలుచుందురో యను విషయమును చూచిన విద్యార్థి మరల పొరపడడు.

వినయవాక్యము యొక్క అర్థము పలుకువాని బలమునుబట్టి మారునను సంగతి ఈ జిల్లాలవారికి వేఱుగ చెప్ప నక్కఱలేదు. దొరల కాలమున 'బాంచెను దొరా' అను మాట భయము చేత పలుకబడెను. అందు వాచ్యార్థమే యథార్థము. 1946 మొదలు 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ పోరాటము ఆ మాటను నోటినుండి తొలగించుటను గూడ తన పనులలో నొకటిగా చేసికొనెను. హంఫ్రీ పలుకు దాస్యవచనము దీనికి సరిగా విలోమమైనది. అది బలవంతుని నోటి వినయము. బాంచెను అను మాటలోని దాస్యము నిజము. 'యెస్ మినిస్టరు'లోని దాస్యము వేషము. రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూపగలిగిన ఉపాధ్యాయుడు వాచ్యవ్యంగ్య వివేకమును ఏ శాస్త్రగ్రంథమును విప్పకయే బోధింపగలడు.

ఇక జాతీయముల విషయము. ఈ ప్రహసనభాగములలో పెక్కింటి శీర్షికలే ఆంగ్లజాతీయములు. 'ది స్కెలిటన్ ఇన్ ది కబ్బర్డ్' అను 1982 నాటి భాగమును తీసికొనుడు. మాటకు మాట అర్థము చెప్పినచో బీరువాలోని అస్థిపంజరమగును. దానివలన విద్యార్థికి భయము కలుగవచ్చును గాని జ్ఞానము కలుగదు. కథలో ముప్పది యేండ్లనాటి కాగితములు బయటపడును. అందలి పెద్ద పొరపాటు నాటి చిన్న యుద్యోగియగు హంఫ్రీ చేసినదేయని తేలును. ఎంతటి ప్రశ్నకును బెదరని యా మహానుభావుని ముఖము ఒక్కమారుగా వెలవెలబోవును. ఆ ముఖమే ఆ జాతీయమునకు వివృతి. తెలుగున 'ఇంటిగుట్టు' దీనికి కొంత చేరువ. అయినను ఇంటిగుట్టు దోషము కానక్కఱలేదు, బీదతనము గూడ ఇంటిగుట్టే; ఈ అస్థిపంజరము మాత్రము పూర్వము చేసిన తప్పుగాని తలవంపుగాని కావలెను. ఇట్టి సూక్ష్మభేదమును కోశము చెప్పజాలదు, కథ చెప్పును.

'జాబ్స్ ఫర్ ది బాయ్స్' అను 1980 నాటి భాగమున బాయ్స్ అనగా బాలురు కారు. తల నెరసిన వారే వారు, తమవారని అర్థము. ఇచట ముఖ్యార్థబాధ స్పష్టము, స్వజనసంబంధమే లక్షణకు మూలము. 'ది గ్రీజీ పోల్' అనగా చమురు పూసిన కంబము. దాని నెక్కుట, జారుట యను తిరునాళ్ల ఆటనుండి ఆంగ్లేయులు రాజకీయోన్నతికి ఉపమానమును గ్రహించిరి. శ్రీకృష్ణజయంతి నాడు ఉట్టిని కొట్టబోయి నీటి దెబ్బకు జారిపడువానిని చూచిన పల్లె బాలునకు ఈ ఉపమానము అరక్షణములో బోధపడును. ఎనిమిది సాధనములలో ఉపమానమును గూడ నొకటిగా పెద్దలు చెప్పుటలోని ప్రయోజన మిదియే.

'ది బెడ్ ఆఫ్ నెయిల్స్' అను భాగము మరియొక విధమున ఆలోచింపదగినది. మేకుల పాన్పు మీద పరుండు సాధువుల దృశ్యము మన దేశమునకు సంబంధించినదిగా ఆంగ్లేయుల మనసున నిలిచిపోయెను; వారి భాషలో అది నెమ్మది లేని పదవికి సంకేతమాయెను. కథలో రవాణా విధానమును సమకూర్చు పెద్ద పదవి వచ్చినదని మంత్రి పొంగును. అది యెవరికిని కూర్చుండ శక్యము గాని పీఠమని పిదప తెలియును. దీనిని 'అంపశయ్య' అని తెనిగించుటకు కలము త్వరపడును. కాని భీష్ముని అంపశయ్య వీరునకు గౌరవస్థానము. హాకరు పడినది మోసపు పాన్పు. ఒకటే చిత్రము రెండు భాషలలో రెండు రసములను పుట్టించుచున్నది. అనువాదకుడు చిత్రమును గాక రసమును చూచి పదము నెన్నుకొనవలెను.

జాతీయములకంటె కఠినమైనవి ప్రశంసాపదములు. మంత్రి చేయదలచిన పనిని హంఫ్రీ ధైర్యముతో కూడినదని మెచ్చుకొనును. ఆ మెప్పు వినగానే మంత్రికి చెమట పట్టును. ఏలయన, వివాదాస్పదమనిన కొన్ని వోట్లు పోవునని, ధైర్యవంతమనిన ఎన్నికయే పోవునని ఆ కచేరి పరిభాష. ఆలంకారికులు దీనిని విపరీతలక్షణ యందురు. అపకారము చేసినవానిని మహోపకారి వని పొగడుటవంటి దిది. అట్లే పరిశీలనలో నున్నదనిన ఫైలు కనబడుట లేదని, చురుకుగా పరిశీలనలో నున్నదనిన దానిని వెదకుచున్నారని ఆ ప్రహసనము వ్యాఖ్యానించును. వక్త, బోద్ధవ్యుడు, కాకువు, ప్రస్తావము, దేశము, కాలము మున్నగువాని వైశిష్ట్యమువలన వ్యంగ్యము స్ఫురించునని సిద్ధాంతము. అచ్చు పుస్తకములో వక్త పేరు మాత్రముండును, కాకువు వినబడదు. ప్రసారమున కంఠధ్వని, కనుబొమల కదలిక, అవతలివాని ముఖవికారము సమస్తమును ఏకకాలమున గోచరించును. విద్యార్థి కీ ప్రయోజనమును సమకూర్చుటలో నిఘంటువునకంటె ప్రహసనము, ముద్రిత ప్రహసనముకంటె ప్రదర్శితమైనది మేలు.

వ్యాకరణవేత్తలకు ఇందు ప్రత్యేకమైన విందు గలదు. బెర్నార్డు రెండు రూపకములను ఒక వాక్యమున కలిపినవానిని ఊరకొననీయడు. ఓడతో ఆరంభించి వృక్షముతో ముగించు వాక్యమును విన్న ఆలంకారికునివలె నొచ్చుకొనును. నియమమునకు లొంగని క్రియలని అతడు కొన్నింటిని చూపును. రహస్యమును వెలిపుచ్చుట యను పని యొక్కటే. ఉత్తమపురుషయందు అది ఆంతరంగికముగా వివరమిచ్చుట. మధ్యమపురుషయందు గుట్టు జారవిడుచుట. ప్రథమపురుషయందు శిక్షార్హమైన నేరము. పురుషభేదముచేత ధాత్వర్థమే మారినట్లు కనబడుచున్నది! ఇది పరిహాసమైనను, రాజకీయభాషలో క్రియకు కర్త యెవ్వడను దానినిబట్టి పేరు పెట్టబడునను సత్యమును ఇంతకంటె సులభముగా చెప్పుట కష్టము.

హంఫ్రీ దీర్ఘవాక్యములు మరియొక పాఠము. ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును గల పదసముదాయము వాక్యమని లక్షణము. ఆతని వాక్యమున కర్తకును క్రియకును నడుమ ఎన్నియో ఉపవాక్యములు దూరును, ఊపిరి తిరుగదు, కడకు క్రియ వచ్చునప్పటికి విన్నవాడు కర్తను మఱచియుండును. వ్యాకరణదృష్టితో అన్వయము దొరకును, దోష మొక్కటియు లేదు. చెడినది సన్నిధి, చెడగొట్టబడినది తాత్పర్యము. కర్మణిప్రయోగము ఈ విద్యలో రెండవ పరికరము. తప్పు చేయబడెను, నిర్ణయము తీసికొనబడెను అనునప్పుడు చేసినవాడు వాక్యమునుండి వెడలిపోవును. ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకములు కర్తరిని కర్మణిగా మార్చు అభ్యాసమును విరివిగా ఇచ్చుచున్నవి. ఎందుకు మార్తురో చెప్పుట లేదు. ప్రహసనమున ఆ ప్రయోజనము వెల్లడియగును.

ఈ విచారము వినోదమాత్రము గాదనుటకు తెలంగాణ చరిత్రలో నొక పలుకుబడి సాక్ష్యమిచ్చుచున్నది. 1956 ఫిబ్రవరి 20వ తేదీని ఢిల్లీలోని హైదరాబాదు భవనమున ఆంధ్ర, తెలంగాణ నాయకులు ఒక ఒడంబడిక చేసికొనిరి. సంతకము చేసినవారిలో పాలమూరు జిల్లావాడును, అప్పటి హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రియునగు బూర్గుల రామకృష్ణారావు గలడు. దానికి ఇంగ్లీషున 'జెంటిల్మెన్స్ అగ్రిమెంట్' అని పేరు. తెలుగున 'పెద్దమనుషుల ఒప్పందము'. అనువాదము పదమునకు పదముగా సరిపోయినది. అర్థము సరిపోయెనా? ఆంగ్లమున ఆ జాతీయము న్యాయస్థానమున నిర్బంధింపరాని, పరస్పర మర్యాదపై మాత్రము నిలుచు ఒప్పందమును చెప్పును. అనగా కట్టుబాటు లేమి ఆ మాటలోనే యున్నది. తెలుగు పల్లెలో పెద్దమనుషులు రచ్చకట్టపై చేసిన తీర్పునకు కాగితము లేకపోయినను కట్టు గలదు. దానిని మీఱినవానికి ఊరిలో నిలువనీడ లేదు. ఒక భాషలో సడలుటను సూచించు పదము మరియొక భాషలో బిగింపును సూచించు పదముగా మారినది.

ఆ యొప్పందము ఒక ప్రాంతమువాడు ముఖ్యమంత్రి యైనచో రెండవ ప్రాంతమువాడు ఉపముఖ్యమంత్రి కావలెననెను. 1956 నవంబరున ఏర్పడిన తొలి మంత్రివర్గమున ఆ పదవియే లేకపోయెను. ప్రాంతీయ సంఘము వంటి కొన్ని యంశములు 1958 నాటి రాష్ట్రపతి ఉత్తరువుచేత చట్టరూపమును పొందినను, ఒప్పందము అమలు కాలేదను ఆవేదన 1969 నాటి ఉద్యమమునకు ముఖ్యకారణములలో నొకటి యాయెను. ఆ ఒప్పందము చేసినవారు ఇంగ్లీషు నెఱుగనివారు కారు, బూర్గుల బహుభాషాకోవిదుడు. కావున ఇది వారి అజ్ఞానమని చెప్పుట తగదు. ఆ పేరును తెలుగున విన్న సామాన్యజనులు పెద్దమనుషుల మాటకు గల కట్టును దానియందు చూచుట సహజము. సంతకము చేసినవారి వివేకమునకును, విన్నవారి విశ్వాసమునకును నడుమ ఒక జాతీయము యొక్క అర్థభేదము నిలిచియున్నది. హంఫ్రీ ఆపిల్బీ వంటి పాత్రను అప్పటికే చూచిన జనులైనచో, ఇది రచ్చకట్ట మాటయా, కచేరి మాటయా యని మొదటనే యడిగియుందురు.

ఇట ఒక పూర్వపక్షము. ఈ ప్రహసనము నలువది యేండ్లకు పైబడిన పాతది, దేశము వేఱు, అతిశయోక్తి మెండు. దీనినుండి నేర్చిన యింగ్లీషు నేడు చెల్లునా? సమాధానము. వస్తువు పాతదైనను వాక్యరీతి పాతబడలేదు. ఏ కచేరి జాబునైన విప్పి చూచినచో ఇది తేలును. అతిశయోక్తి దోషము కాదు, ప్రహసనధర్మము. 1981 నాటి 'ది కంపాషనేట్ సొసైటీ' అను భాగమున ఐదువందల ఉద్యోగులును, ఒక్క రోగియు లేని ఆసుపత్రి వర్ణితము. రోగులు లేకున్నను పని యెంతో గలదని ఉద్యోగులు వాదింతురు. వస్తువును పెద్దది చేసి చూపుట చేత దాని అవయవములు స్పష్టమగును. అక్షరములు దిద్దించు పంతులు పలకమీద పెద్ద అక్షరము వ్రాయుట యబద్ధమాడుట కాదు గదా!

రెండవ పూర్వపక్షము బలవత్తరమైనది. ప్రహసనమునుండి పలుకులు నేర్చినవాడు ఆ పలుకుల నాటకము నేర్చును గాని విద్యను నేర్వడు. దీనికి దృష్టాంతము తెలుగునందే గలదు. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కము'ను 1892లో తొలుత ప్రదర్శించిరి. 1897లో అది అచ్చుపడెను. 1909లో పెంచి మార్చిన రూపమున వెలువడెను. అందలి గిరీశమునకు ఇంగ్లీషు పలుకులు వచ్చును, వెంకటేశమునకు వానినే పంచిపెట్టును. వాని ప్రయోజనము ఎదుటివానిని బెదరించుట, తాను గొప్పవాడనిపించుకొనుట. హంఫ్రీని చూచి నేర్చిన విద్యార్థి మరియొక గిరీశము కాడని హామీ యేమి? హామీ లేదు. గురువు చేతిలోనున్నది. గిరీశము పలుకులను గ్రహించి ప్రసంగమును విడిచినాడు. ప్రసంగమును ముందు గ్రహించి పలుకును పిమ్మట గ్రహించినవాడు దానిని డంబమునకు వాడుటకు సిగ్గుపడును, ఏలయన దాని లోపలి మోసము వానికి తెలియును.

ప్రహసనమున నిజమైన లోపము వేఱొకటి కలదు. రాజ్యమును గూర్చిన ఈ కథలో ప్రజ అరుదుగా కనబడును. మంత్రి, కార్యదర్శి, ఆంతరంగికుడు మూసిన తలుపుల వెనుక మాటలాడుకొందురు. అర్జీ పెట్టినవాడు తలుపు వెలుపల నెక్కడనో యుండును. రోగులు లేని ఆసుపత్రిని చూచి నవ్విన ప్రేక్షకుడు, వైద్యము దొరకక తిరిగిపోయిన రోగిని తెరమీద చూడడు. లండనులోని ప్రేక్షకునకు అది కొఱతగా తోపకపోవచ్చును. పాలమూరునుండి వలసకూలిగా తరలిపోయిన కుటుంబపు పిల్లవానికి మాత్రము ఆ వెలుపలి మనిషియే తన తండ్రి. కావున ఈ జిల్లాలలో దీనిని బోధించు ఉపాధ్యాయుడు నాలుగవ పాత్రను తానే చేర్చవలెను. మంత్రి యిట్లనెను, కార్యదర్శి యట్లనెను; దీనివలన దరఖాస్తుదారునకు కలిగిన దేమి? ఈ ప్రశ్నతో ప్రతి దృశ్యమును ముగింపవలెను.

బోధనాక్రమము ఈ విధముగ నుండుట యుక్తము. ఒక పాఠమునకు ఒక్క దృశ్యము చాలును. మొదట దానిని శబ్దము లేక చూపి, ఎవ్వడు ఎవ్వనికి వెఱచుచున్నాడని యడుగవలెను. పిదప శబ్దముతో చూపి, పలుకబడిన మాటను వ్రాయింపవలెను. మూడవది వాచ్యార్థము, నాలుగవది వ్యంగ్యార్థము తెలుగున చెప్పింపవలెను. కడపట, అదే మాట ఒక తహసీలు కచేరి జాబులో వచ్చినచో దానికి బదులు వ్రాయింపవలెను. బదులు వ్రాయనేర్చిననాడే మాట తెలిసినట్లు. సంభాషణము త్వరితమై అందకపోయినచో ఈ ప్రహసనమునకు మంత్రి దినచర్యల రూపమున వెలువడిన గ్రంథములు గలవు. వానిని ముందు చదివించి దృశ్యమును తరువాత చూపవచ్చును.

ఇంగ్లీషునకు ఈ ప్రాంతము ఇచ్చిన మాట కూడ నొకటి గలదు. నీటిలోని ఫ్లోరైడును పటిక, సున్నములతో తొలగించు పద్ధతిని 1970ల కాలమున నాగపూరులోని 'నీరీ' పరిశోధనసంస్థ రూపొందించెను. దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు. కెన్యా, టాంజానియా, ఇథియోపియా దేశములలోని నీటి శాస్త్రజ్ఞులును ఆ పేరునే వాడుదురు. వారి గ్రంథములలో నల్గొండ యనగా ఒక విధానము. మర్రిగూడ, మునుగోడు ప్రాంతములలో ఎముకలు వంగిన పెద్దల నడుమ పెరిగిన బాలునకు నల్గొండ యనగా ఆ విధానమునకు కారణమైన బాధ. ఒకే పదమునకు ఈ రెండర్థములును తెలిసిన విద్యార్థి, మంచినీటి అర్జీకి బదులుగా పరిశీలనలో నున్నదను మాట వచ్చిననాడు దానిని మడిచి జేబులో పెట్టుకొని తిరిగిపోడు. ఎవ్వరు, ఎన్నటిలోగా పరిశీలింతురని ఇంగ్లీషుననే వ్రాసి యడుగును. ఆంగ్లపదార్థగ్రహణమునకు ఈ జిల్లాలలో పరీక్ష యదియే. ఆ పరీక్షకు విద్యార్థిని సిద్ధము చేయు సాధనములలో ఈ ప్రహసనమునకు స్థానము కల్పించుట పండితులకు తగిన పని.